అన్నీ పచ్చ చుక్కలే

"తీసేస్తే పోతుందిగా," అన్నాడు రాయి సార్, మూడోసారి.

భార్య తెర కేసే చూస్తోంది. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. దాని పక్కన ఆవిడ కాఫీ మీద మీగడ కట్టింది. ఆ ఇంట్లో కాఫీ చల్లారితే చిన్న గొడవ, మీగడ కడితే పెద్ద గొడవ. ఇవాళ ఆ మీగడ మీద ఒక ఈగ కూడా వాలింది. ఎవరూ తోలలేదు.

తెర మీద ఒక ఆడపిల్ల రాసిన నాలుగు ముక్కలున్నాయి. పొద్దున్నించీ చదివీ చదివీ అవి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేశాయి.

'సార్, నాకు ఇక చదవాలని లేదు. చదవాలనే కాదు, ఏదీ చెయ్యాలని లేదు. ఈ మాట ఇంట్లో చెప్పలేను, అందుకే మీకు రాస్తున్నాను. ఇక నేను ఎక్కడికీ రాను.'

దాని కింద రాయి సార్ పేరుతో జవాబుంది.

'చాలా బాగుంది. ఇదే ఉత్సాహంతో ముందుకి సాగండి.'

పక్కన బొటనవేలు పైకెత్తిన బొమ్మ కూడా ఉంది.

అది సోమవారం సంగతి. ఇవాళ ఆదివారం. ఆ వారమంతా ఆ పిల్ల క్లాసులో కనపడలేదు. కనపడటం అన్నది కూడా పెద్ద మాటే. ఆన్‌లైన్ క్లాసులో ఆ పిల్ల మొహం ఎవరూ, ఎప్పుడూ చూడలేదు. ఫోటో ఉండాల్సిన చోట ఒక గొడుగు బొమ్మ పెట్టుకుంది. అందుకని పొద్దున్నించీ ఈ ఇంట్లో అందరూ గొడుగమ్మాయి, గొడుగమ్మాయి అంటున్నారు.

"తీసేస్తే ఎవరికి పోతుంది?" అంది భార్య చివరికి.

"అంటే?"

"మీకు పోతుందా, ఆ పిల్లకి పోతుందా?"

రాయి సార్ కళ్ళజోడు తీసి తుడిచాడు. సమాధానం తెలియని ప్రశ్న ఎదురైతే ఆయన కళ్ళజోడు తుడుస్తాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ అద్దాలు అరిగిపోయాయి గానీ, 'నాకు తెలీదు' అన్న మాట మాత్రం ఆయన నోట్లోంచి ఒక్కసారీ రాలేదు.

ఆయన యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్తాడు. రాళ్ళ గురించి చెప్తాడు కాబట్టే తనకి ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. విద్యార్థుల్ని అడిగితే వేరే కారణం చెప్తారు.

భార్యదీ అదే యూనివర్సిటీ, ఇంకా కష్టమైన ఉద్యోగం. పిల్లలకి పాఠం చెప్పడం కాదు, పాఠం చెప్పేవాళ్ళకి పాఠం చెప్పడం. ఆన్‌లైన్‌లో ఎలా బోధించాలి, ఎక్కడో తమ ఇళ్ళలో కూచుని ఒంటరిగా చదువుకునే పిల్లల్ని ఎలా కనిపెట్టుకుని ఉండాలి అన్నది ఆవిడ నేర్పుతుంది. పొద్దస్తమానం 'సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు' అని చెప్పీ చెప్పీ మ్యూట్ మేడమ్ అని పేరు పడింది.

శిక్షణ మొదటి రోజు వైస్ చాన్సలర్ గారు తెర మీదకి రాగానే, ప్రొఫెసర్లందరూ అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. తెర నిండా పొట్టలు. ఆయన ఉపన్యాసమంతా పొట్టలకే ఇచ్చి వెళ్ళిపోయారు. ఇంకో పెద్దమనిషి గంటసేపు హాజరు పిలిచి, అందరూ వచ్చారన్న సంతోషంలో క్లాసు ముగించాడు. అలాంటివాళ్ళని మ్యూట్ మేడమ్ ఓపిగ్గా దారికి తెచ్చింది. అందుకు రెండు ఉపాయాలు కనిపెట్టింది.

మొదటిది చుక్కలు. విద్యార్థి ఏది రాసినా రోజు తిరక్కుండా టీచరు జవాబివ్వాలి. ఇస్తే ఆ టీచరు పేరు పక్కన పచ్చ చుక్క, ఇవ్వకపోతే ఎర్ర చుక్క. అది యూనివర్సిటీ అంతటికీ కనపడుతుంది. భార్యకీ పిల్లలకీ పైవాళ్ళకీ భయపడని మహానుభావులు కూడా ఎర్ర చుక్కకి భయపడ్డారు. ఏం రాయాలో తోచనివాళ్ళ కోసం ఆవిడే కొన్ని ప్రోత్సాహకరమైన వాక్యాలు మచ్చుకి రాసిచ్చింది.

రెండోది దొంగ విద్యార్థులు. శిక్షణలో ఉన్న ప్రతి టీచరు క్లాసులోనూ అసలు లేని ఒక విద్యార్థిని ఆవిడ చేర్పిస్తుంది. ఆ పేరు మీద తనే రాస్తుంది. ఒంటరిగా ఉంది, నిద్ర పట్టడం లేదు, ఏమీ చెయ్యాలని లేదు, ఇలా. టీచరు అక్కడ ఆగి, ఏమైందని అడిగి, ఫోన్ చేసి మాట్లాడితే పాసు. భేష్ అని రాసి తర్వాతి వాళ్ళ దగ్గరకి పోతే మళ్ళీ మొదటినించీ శిక్షణ.

దీంతో టీచర్లకి నిజం విద్యార్థుల మీద కూడా అనుమానం పట్టుకుంది. ఒకాయన ఒక కుర్రాణ్ణి 'నువ్వు ఉన్నావని నమ్మకమేంటి' అని అడిగాడు. ఆ కుర్రాడి తండ్రి కొడుకుని వెంటబెట్టుకొచ్చి, చూపించి, తీసుకెళ్ళాడు.

ఇంత చేసిన మనిషికి ఇంట్లో మాత్రం విద్య సాగలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. ఆవిడ ఈ గదిలో కూచుని తెర మీద నూట యాభై మందికి పాఠం చెప్తుంటే, రాయి సార్ పక్క గదిలో తన పేరు వెలుగుతూ ఉండేలా చూసుకుని పేపర్ చదువుకున్నాడు. పెళ్ళాం దగ్గర పాఠం నేర్చుకున్నాడని రేపు ఎవరైనా అంటే?

నెల తిరిగేసరికి ఆయన పేరు పక్కన ఎర్ర చుక్కలు తట్టు పోసినట్టు పోశాయి. ఆ నెల ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి ఒక పొద్దున అన్నీ పచ్చ చుక్కలే. ఎలా అని ఆవిడ అడిగితే, మనసు పెడితే ఏ విద్యయినా వస్తుందన్నాడు. ఆవిడ నమ్మింది. నమ్మితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. పాసు కూడా చేసేసింది.

పచ్చ చుక్కలు చూసి వైస్ చాన్సలర్ ఆఫీసు వాళ్ళు ముచ్చటపడ్డారు. రాయి సార్‌ని ఆదర్శ ఆన్‌లైన్ బోధకుడిగా ఎంచారు. రేపు పొద్దున పెద్ద హాల్లో, అందరి ముందూ, ఆయన క్లాసుని గోడంత తెర మీద తెరిచి చూపించాలి. చూపించాల్సింది మ్యూట్ మేడమే. ఆ పని కోసమే ఇవాళ పొద్దున కాఫీ పెట్టుకుని లాప్‌టాప్ తెరిచింది.

తెరిచాక తమ్ముడికి కబురుపెట్టింది.

ఈ ఇంట్లో ఏ యంత్రం చెడినా బావమరిదినే పిలుస్తారు. అతను కంప్యూటర్ల మనిషి. వచ్చి ఒకటి బాగు చేస్తాడు, వెళ్ళేలోగా ఇంకోటి చెడుతుంది. ఇవాళ వచ్చి ఏమీ ముట్టుకోకుండా కుర్చీ అంచున కూచున్నాడు. అతన్ని పట్టించింది ఆ కూచునే తీరే.

అక్క ఏమీ అడగక ముందే, తను బావగారికి చిన్న సాయం చేసిన మాట నిజమేనన్నాడు. విద్యార్థి ఏదైనా రాసి, గంటలోగా బావగారు జవాబివ్వకపోతే చాలు, ఆయన నిద్రపోతున్నా ఆయన పేరుతో ఒక జవాబు దానంతటదే వెళ్ళిపోయేలా పెట్టాడట. వాక్యాలు తిప్పి తిప్పి పంపుతుందట, ఒకటే రెండుసార్లు వరసగా రాదట. ఆ సంగతి చెప్పేటప్పుడు అతని మొహంలో కొంచెం గర్వం కూడా కనపడింది.

"ఏ వాక్యాలు పెట్టావురా?" అంది అక్క.

"నువ్వు రాసినవే అక్కా. మచ్చుకి ఇచ్చావుగా. అంత బాగా నాకెక్కడ రాయడం వస్తుంది?"

ఆవిడ కాఫీ కప్పు కేసి చూసింది. ఈగ అక్కడే ఉంది.

ఆ తర్వాత కాసేపు తప్పు బంతిలాగా బల్ల చుట్టూ తిరిగింది. రాయి సార్ అది బావమరిది కట్టిన యంత్రమన్నాడు. బావమరిది, యంత్రానికి బుద్ధి ఉండదు, వాక్యాలు అక్కవన్నాడు. అక్క, వాక్యాలు ఎక్కడ వాడాలో నేర్పడానికే శిక్షణ పెట్టామంది. రాయి సార్, అంత గొప్ప శిక్షణయితే తనని పాసెందుకు చేశావన్నాడు. అక్కడికి వచ్చేసరికి బంతి ఎవరూ అందుకోలేదు, కింద పడింది.

సోఫాలోంచి అత్తగారు, ఎవరైనా కాస్త వేడినీళ్ళు పెడతారా అని అడిగింది. ఆవిడ రాయి సార్ తల్లి. కొడుకు క్లాసు మొదలయితే చాలు, ఆవిడకి ఎక్కడున్నా నిద్ర పట్టేస్తుంది. ఆన్‌లైన్ క్లాసులు వచ్చాక డాక్టరు నిద్రమాత్రలు ఆపేశాడు. ఆదివారం క్లాసు ఉండదు కాబట్టి ఇవాళ పూర్తిగా మేలుకుని ఉంది. అది మిగతా ముగ్గురికీ ఇబ్బందిగానే ఉంది.

వేడినీళ్ళు ఎవరూ పెట్టలేదు.

రాయి సార్ కుర్చీ భార్య దగ్గరకి జరుపుకున్నాడు. క్లాసులో ఎప్పుడూ వాడని మెత్తటి గొంతు బయటికి తీశాడు.

"చూడు. పిల్లలన్నాక ఏదో ఒకటి రాస్తారు. పరీక్షల ముందు ప్రతివాడికీ ఎక్కడికో పోవాలనే ఉంటుంది. అది పట్టుకుని రేపు పదిమందిలో..."

"నేను రేపటి గురించి మాట్లాడటం లేదు."

"నేను మాట్లాడుతున్నాను. ఆ రెండు ముక్కలూ నువ్వు తీసెయ్యగలవు. ఆ అధికారం నీ ఒక్కదానికే ఉంది."

"ఉంది."

"ఆలోచించుకో మరి. రేపు పోయేది నా పరువొక్కటే కాదు. నన్ను పాసు చేసిన సంతకం ఎవరిది?"

మెత్తగానే అన్నాడు. అయినా బావమరిది తల వంచుకుని తన చేతి గోళ్ళు చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్ళ కాపరంలో బావగారు అక్కని కేకలేస్తే విన్నాడు గానీ, ఇంత నెమ్మదిగా మాట్లాడటం అతను వినలేదు.

"ఇన్నాళ్ళకి ఒప్పుకున్నారు," అంది ఆవిడ.

"ఏం ఒప్పుకున్నాను?"

"నేను మీకు నేర్పేదాన్నని."

ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఆగిపోయింది. పైవాళ్ళ ఇంట్లో ఎవరో కుర్చీ ఈడ్చారు. తీసేస్తానని ఆవిడ అనలేదు, తియ్యననీ అనలేదు. రాయి సార్ దాన్ని సగం ఒప్పుకోలు కింద జమ కట్టుకుని, లాప్‌టాప్‌ని బావమరిది వైపు తిప్పాడు. తీసేస్తే జాడ మిగులుతుందేమో ముందు చూడమన్నాడు.

బావమరిది వేలితో తెరని కిందకి జరిపాడు. ఆగాడు.

"బావగారూ, దీని కింద ఇంకా నాలుగు మడతపెట్టి ఉన్నాయి."

"ఏ నాలుగు?" అంది అక్క.

"రాతలు. గొడుగమ్మాయివీ, మనవీ."

రాయి సార్ లేచాడు. బాల్కనీలో మొక్కలు వాడిపోతున్నాయి, నీళ్ళు పోసొస్తానన్నాడు.

ఆయన ఈ ఇంట్లో దిగిన నాటినించీ మొక్కలకి నీళ్ళు పోసిన పాపాన పోలేదు. మగ్గు ఎక్కడుంటుందో కూడా ఆయనకి తెలీదు. అది తెలీక వంటింట్లోకి వెళ్ళి, టీ వడపోసే గిన్నె పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. భార్య ఆయన వెళ్ళినంత మేరా చూసింది. తర్వాత తమ్ముడితో, పైకే చదవరా అంది.

మంగళవారం పొద్దున గొడుగమ్మాయి మళ్ళీ రాసింది.

"'సార్, నేను రాసింది మీరు చదివే ఆ మాట అన్నారా?'" అని చదివాడు తమ్ముడు.

"ఊఁ."

"దాని కింద బావగారి జవాబు." అతను తెర దగ్గరకి వంగాడు. "అక్కా, ఇది యంత్రం పంపింది కాదు. ఇలాంటి వాక్యం నేను పెట్టలేదు."

"చదువు."

"'చదివాను. బాగా రాశావు. కానీ నువ్వెవరో నాకు తెలుసు. ఇక ఈ నాటకం ఆపు.'"

సోఫా చప్పుడు చేసింది. అత్తగారు లేచి కూచుంది.

"తర్వాత?"

"బుధవారం ఆ పిల్ల, 'సరే సార్' అంది. అంతే."

"నాలుగన్నావు."

బావమరిదికి చదవాలనిపించలేదు. కానీ అక్క ఊరుకునేలా లేదు.

"నాలుగోది యంత్రం పంపింది. 'మీ చురుకైన భాగస్వామ్యానికి అభినందనలు.'"

బాల్కనీలో నీళ్ళ చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. రాయి సార్ ఖాళీ గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. తన ఇంట్లోకి తను వచ్చాడు, చుట్టం వచ్చినట్టుగా.

ఆయన చెప్పింది ఇది. సోమవారం యంత్రం జవాబిచ్చాక తను ఆ పిల్ల రాసింది నిజంగానే చదివాడు. చదవగానే పట్టేశాడు. చదవాలని లేదు, ఏదీ చెయ్యాలని లేదు, ఇంట్లో చెప్పలేను, ఇవన్నీ భార్య రాసే మాటలే. స్టాఫ్ రూములో తోటివాళ్ళు తాము పడ్డ గోతుల గురించి చెప్పుకుని నవ్వుకుంటుంటే ఎన్నిసార్లో విన్నాడు. మొహం చూపించని గొడుగు. సరిగ్గా ఆదర్శ బోధకుడు అని ప్రకటించిన రెండ్రోజులకే. ఇది తన కోసం తవ్విన గొయ్యి అనుకున్నాడు. పడలేదు. పైగా ఆ సాయంత్రం భోజనం దగ్గర భార్య కేసి చూసి ఒకటి రెండుసార్లు నవ్వాడు కూడా. ఆవిడ ఎందుకని అడగలేదు, తనూ చెప్పలేదు.

"గుర్తుంది," అంది ఆవిడ. "ఎందుకో సరదాగా ఉన్నారనుకున్నా."

"ఎవరైనా అలాగే అనుకుంటారు. నువ్వే చెప్పు, అది అచ్చం నువ్వు రాసినట్టే లేదూ?"

"ఉంది."

"మరి?"

"నేను రాసేది అలాంటి పిల్లల్ని చూసే. వాళ్ళు నన్ను చూసి రాయరు."

రాయి సార్ కళ్ళజోడు తీశాడు. తుడుచుకోవడానికి చొక్కా అంచు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"అందరి క్లాసుల్లోనూ పెడతావుగా," అన్నాడు. "నా క్లాసులో మాత్రం ఉండదని నేనెలా అనుకుంటాను?"

"మీ క్లాసులో నేను ఎవర్నీ పెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదు?"

ఆవిడ కాఫీ కప్పు తీసుకెళ్ళి సింకులో పారబోసింది. కుళాయి తిప్పింది, కట్టేసింది. అక్కణ్ణించే, ఇటు తిరక్కుండా చెప్పింది.

"పెడితే మీరు తప్పుతారని తెలుసు కాబట్టి. తప్పిన మొగుడితో మళ్ళీ నెల రోజులు ఈ ఇంట్లో ఉండాలి కాబట్టి."

బావమరిది తను ఇక బయల్దేరతానన్నాడు. కూచో అంది అక్క. కూచున్నాడు.

అప్పుడు అత్తగారు సోఫాలోంచి అడిగింది. ఈసారి వేడినీళ్ళ గురించి కాదు.

"అమ్మాయ్, ఇంతకీ ఆ పిల్లకి ఎవరైనా ఫోన్ చేశారా?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దున్నించీ ఆ ఇంట్లోంచి చాలా ఫోన్లు వెళ్ళాయి. భార్య తమ్ముడికి చేసింది. రాయి సార్ రిజిస్ట్రార్ ఆఫీసులో తెలిసినాయనకి చేసి, ఊరికే అడుగుతున్నానంటూ నిబంధనలు కనుక్కున్నాడు. బావమరిది వచ్చేదారిలో తన స్నేహితుడికి చేసి, యంత్రం పంపిన జవాబుకి యంత్రం పెట్టినవాడిది బాధ్యత అవుతుందా అని వాకబు చేశాడు. చదువుకున్నవాళ్ళ ఇల్లు కాబట్టి అన్ని వైపులా ఆలోచించారు.

"లేదత్తయ్యా," అంది కోడలు.

"చెయ్యండి మరి. నేను చెయ్యనా?"

శిక్షణ ఇచ్చే మనిషి కాబట్టి విద్యార్థుల వివరాలు ఆవిడకి అందుబాటులోనే ఉంటాయి. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం కోసం వారం పట్టింది.

పిల్ల నంబరు స్విచాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే గొంతు, అదే మర్యాద. దాని కింద ఇంటి నంబరు ఉంది, తల్లిది. అది నొక్కే ముందు భార్య కాసేపు ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. టీచర్లకి ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది, ముందు మీ గొంతు మామూలుగా ఉండాలి, అవతలివాళ్ళు భయపడకూడదు అని. ఇప్పుడు గొంతు సవరించుకుంటే ఏదో కీచుగా వచ్చింది.

స్పీకర్ పెట్టు, మేమూ వింటాం అన్నాడు రాయి సార్. పెట్టింది. ఫోన్ బల్ల మధ్యలో పెట్టింది.

అవతల కుట్టుమిషన్ గడగడమని నడుస్తోంది. దాని మీదనించి ఒక ఆడమనిషి, ఎవరండీ అంది.

భార్య తను యూనివర్సిటీ నించి మాట్లాడుతున్నానంది. మీ అమ్మాయికి రాళ్ళ పాఠాలు చెప్పే సార్ ఉన్నారు కదా అని మొదలుపెట్టింది. మాట పూర్తి చెయ్యనిస్తేగా.

"సార్ వాళ్ళింటి నించా మేడమ్? నేనే చేద్దామనుకుంటున్నా. నంబరు తెలీక ఆగాను. ఏమనుకోకండి, మా పిల్ల వల్ల మీకు ఇబ్బందిగా ఉందేమో."

ఇబ్బందేం లేదని భార్య అనబోయింది.

ఆ తల్లి మాత్రం ఎన్నాళ్ళనించో చెప్పుకోవడానికి మనిషి దొరకనట్టుగా చెప్పుకుపోయింది. మిషన్ ఆపకుండానే. పిల్ల ఈమధ్య సరిగా తినేది కాదట. ఎవరితోనూ మాట కలిపేది కాదట. ఏమైందే అంటే పరీక్షలమ్మా అనేదట. అలాంటిది బుధవారం సాయంత్రం ఒక్కసారిగా తేలికపడిందట. సార్‌కి నేనెవరో తెలుసంటమ్మా అని చెప్పిందట. నవ్వుతూ చెప్పిందట.

"మాలాంటి వాళ్ళ పిల్ల ఎవరో అంత పెద్దాయనకి తెలియడం అంటే మాటలా. వెళ్ళి కలుస్తానంది. సార్ వాళ్ళింట్లోనే ఉండి చదువుకుని వస్తానంది. గురువారం పొద్దున బస్సెక్కించాను."

గురువారం ఈ ఇంటి గంట ఎవరూ కొట్టలేదు. బావమరిది అక్క కేసి చూశాడు. అక్క బల్ల కేసి చూస్తోంది.

"ఎంత బుద్ధిమంతురాలనుకున్నారు మేడమ్. వెళ్ళే ముందు ఇల్లంతా సర్దింది. నా బట్టలు కూడా మడతపెట్టింది. తన పుస్తకాలన్నీ పక్కింటి పాపకి ఇచ్చేసింది, నాకిక అక్కర్లేదు, దీనికి పనికొస్తాయి అని."

భార్య రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. శిక్షణలో ఆఖరి రోజు ఆవిడ చెప్పే పాఠం అదే. తమ వస్తువులు పంచిపెట్టే పిల్లలు, ఉన్నట్టుండి తేలికపడే పిల్లలు. అలాంటి వాళ్ళు కనపడితే మిగతా పనులన్నీ ఆపండి అని చెప్తుంది. ఆ రోజు హాజరు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది.

ఆవిడకి మాట రావడం లేదు. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

"మేడమ్? మేడమ్, వినపడుతోందా?"

ఎవరో ఒకరు మాట్లాడాలి. అత్తగారు కొడుకుని చూసింది. బావమరిది బావగారిని చూశాడు. రాయి సార్ ముందుకి వంగాడు.

అప్పటికీ ఆయన మనసులో చెప్పాల్సిన మాట సిద్ధంగానే ఉండి ఉండాలి. అమ్మా, మీ అమ్మాయి ఇక్కడికి రాలేదు, ఎక్కడుందో నాకు తెలీదు. చిన్న వాక్యం. చివరి మాట ఒక్కటే ఆయనకి అలవాటు లేనిది.

"నమస్కారమమ్మా. నేనే, సార్‌ని."

"సార్, నమస్కారం సార్. మా పిల్ల ఎలా ఉంది సార్?"

"బాగుందమ్మా," అన్నాడు రాయి సార్. "ఇక్కడే ఉంది. మీరేం కంగారుపడకండి."

భార్య తలెత్తింది. బావమరిది చెయ్యి ఫోన్ వైపు సగం వెళ్ళి ఆగిపోయింది. ఒరేయ్ అంది అత్తగారు, పైకి వినపడనంత చిన్నగా.

అవతల కుట్టుమిషన్ ఆగింది. ఆవిడ ఊపిరి పీల్చుకోవడం స్పీకర్లోంచి స్పష్టంగా వినపడింది.

"అమ్మయ్య. ఫోన్ కలవకపోతే పిచ్చి పిచ్చి ఆలోచనలొచ్చాయి సార్. పక్కనే ఉందా? ఒక్కసారి దానికివ్వండి సార్, గొంతు వింటాను."